గంజి కుండ, బంగారి గుండె

లక్ష్మీరాజం గోనెసంచి దులిపి గుమ్మం పక్కన పెట్టాడు. మూతి కట్టడానికి సుతిలి తాడు కూడా తెచ్చుకున్నాడు.

"పొద్దు తిరిగినంక ముత్తయ్య బండి కరీంనగర్ పోతదట. పిల్లిని మానేరు వాగు ఒడ్డుకు ఇడిసిపెట్టి రమ్మన్న," అన్నాడు భార్య ముఖం చూడకుండా.

బాలలక్ష్మి ఒళ్లో పిల్లి కదల్లేదు. పేరు బంగారి. పసుపు మీద తెల్లచారలు. నిరుడు వానాకాలం ఎలుకలు గంజి పెట్టిన పడుగును ముక్కలు ముక్కలుగా కొరికేస్తే, పుట్టింటి నుంచి దీన్ని చంకన పెట్టుకుని తెచ్చింది బాలలక్ష్మి. అప్పటి నుంచి మగ్గం గుంటలో ఒక్క పోగు తెగలేదు.

అలాంటిది ఇప్పుడు గడప ఎక్కితే ఆయాసపడుతోంది. నోరు తెరిచి కుక్కలా రొప్పుతోంది. నిన్న ఎలుక ముక్కు ముందు నుంచే పోయినా తల తిప్పి చూసి ఊరుకుంది.

"ఇంట్ల సచ్చిందంటే బంగారం పిల్లిని చేయించి దానం ఇయ్యాలె. ఇస్తవా నీ పుస్తె తీసి?" అంది అత్త శంకరవ్వ, నూలు కండె చుడుతూ. "పానం ఉండంగనే సాగదోలాలె."

చొప్పదండి సాలెవాడలో అందరి మాటా అదే. పిల్లిని ఎవరూ చంపరు. చావబోయే పిల్లిని ఎవరూ ఇంట్లో ఉంచరు.

బాలలక్ష్మికి మాత్రం వేరే అనుమానం ఉంది. తను కాపురానికొచ్చాక ఈ ఇంట్లో పిల్లి పోవడం ఇది మొదటిసారి కాదు. ఇంతకుముందు నల్లపిల్లి, దాని ముందు బూడిదరంగుది. రెండూ ఇలాగే రొప్పి రొప్పి చివరికి మానేరు ఒడ్డుకే పోయాయి. అంటే ఎవరో మందు పెడుతున్నారు. ఎవరో కూడా ఆమెకు తెలుసు. ఎదురింటి రాయమల్లు వాళ్లు!

వాడ మొత్తంలో చీరకు మెరుపు తెచ్చేవి రెండే ఇళ్లు. కరీంనగర్ సేట్లు వస్తే ఈ ఇంటికి రావాలి, లేదా ఆ ఇంటికి పోవాలి. ఆ మెరుపు గంజిలో ఉంది. గంజిలో ఏం కలుపుతారో ఇంటి మగవాళ్లకు, కోడళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లయి పోయే ఆడపిల్లలకు కూడా చెప్పరు. బాలలక్ష్మి అడుగుపెట్టిన వారానికి శంకరవ్వ ఆమె చేత మగ్గంలో పోగు నడిపే నాడె మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. గంజి కాచే పొద్దున కిటికీలు మూసేస్తారు. వాడలోకి ఏ వాసనా పోకుండా పక్క పొయ్యి మీద ఉల్లిగడ్డ కూర మరిగిస్తారు. ఎదురింట్లో కూడా ఎందుకో తరచూ ఉల్లిగడ్డ కూరే.

ఆ ఇంటివాళ్లకు ఈ ఇంటి పడుగు పాడైతే పండగే. పడుగు పాడు కావాలంటే ముందు పిల్లి పోవాలి. బాలలక్ష్మి లెక్క అది.

ఆమె లేచింది. పిల్లిని కొంగులో చుట్టుకుంది.

"ఎటు పోతున్నవే?" అన్నాడు లక్ష్మీరాజం.

"పశువుల దవాఖానకు. బండి పోయేలోపల వస్త."

శంకరవ్వ చేతిలో కండె ఆగిపోయింది. దవాఖానలో కాంపౌండరు అంబదాస్. రాయమల్లు చిన్నకొడుకు. ఆ పిల్లగాని ముందు కోడలు ఏం వాగుతుందో! ముసలామె చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరుగెత్తింది.

*

దవాఖానంటే ఒక రేకుల గది, ముందు ఒక బల్ల, ఎడ్లను కట్టే గుంజలు. అంబదాస్ ఒక ఎద్దు గిట్టకు మందు రాస్తూ తలెత్తాడు.

"ఓ వదినె! పిల్లికి దవాఖాననా? రేపు ఎలుకను గూడ తెస్తవా, దానికి సూది ఇయ్యనీకి?"

"దీనికి మందు పెట్టినోళ్లకు సూది ఇయ్యాలె ముందుగాల," అంది బాలలక్ష్మి.

"గదేం మాట?"

"నీకెర్కలేదా?"

అంబదాస్ ముఖం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోపే లోపలి నుంచి డాక్టరు దేవదాస్ బయటకొచ్చాడు. బోథ్ నుంచి బదిలీ మీద వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఎద్దులు, బర్రెలు, మేకలు తప్ప ఆయన బల్ల మీదికి పిల్లి రావడం ఈ ఊళ్లో ఇదే మొదలు.

"కొట్లాట తర్వాత. ముందు దాన్ని బల్ల మీద పెట్టమ్మా," అన్నాడు.

గొట్టం చెవులకు తగిలించుకుని పిల్లి పక్కటెముకల మీద ఆనించాడు. వెంటనే నొసలు ముడిచాడు.

"ఏం వినపడుతలేదు. గురగుర అంటున్నది ఇది."

బాలలక్ష్మి చెయ్యి తగిలితే చాలు, చావు దగ్గర కూడా గురగురలాడే పిల్లి అది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. "అంబదాస్, జర చెంబుల నీళ్లు దూరం నుంచి పొయ్యి."

నీళ్ల చప్పుడుకు బంగారి చెవులు నిక్కాయి. గురగుర ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో డాక్టరు కళ్లు మూసుకుని విన్నాడు.

"లబ్ డబ్ మధ్యల ఇంకో శబ్దం ఉన్నది. ఉస్... ఉస్... అని."

శంకరవ్వ నుదురు కొట్టుకుంది. "అయిపాయె. గుండె చెడ్డది. పా, బండికి యాళ్లయితంది."

"అవ్వా, ఆగు. శబ్దం వినవడ్డదంటే గుండె చెడ్డదని కాదు. పిల్లి బెదిరినా గిట్ల వినవడుతది. భయం తగ్గితే పోతది."

డాక్టరు పిల్లిని బాలలక్ష్మి ఒళ్లోకి ఇచ్చి ఎద్దును చూసి వచ్చాడు. ఈసారి అది గురగుర కూడా ఆపి సగం నిద్రలో ఉంది. మళ్లీ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"భయం కాదు. శబ్దం అట్లనే ఉన్నది."

బాలలక్ష్మి పిల్లిని దగ్గరికి లాక్కుంది. "మందు పెట్టిన్రు సారూ. ఎవలు పెట్టిన్రో నాకెర్కే."

"సారూ, ఈ వదినె నా మొఖమే సూస్తున్నది!" అన్నాడు అంబదాస్. "పెద్దవ్వా, జర నువ్వన్న చెప్పు. మాకేం పని మీ పిల్లితోని?"

శంకరవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ ఇంటివాడితో ఒక మాటంటే రెండు మాటలు బయటికొస్తాయని ఆమె భయం.

డాక్టరు ఇవేవీ పట్టించుకోలేదు. పిల్లి పై పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఇదిగో చూడు. గుండె గోడలో రోగముంటే నా చేతుల ఏం లేదు. కానీ చిగుళ్లు గింత తెల్లగున్నయంటే రక్తం పలచబడ్డది. పలచటి రక్తం జోరుగ పారుతది, గందుకే చప్పుడు. మీరు గంజి వంచుతరు గద, చిక్కటి గంజి గరిటె నుంచి చప్పుడు లేకుంట జారుతది. నీళ్ల గంజి బుడబుడమంటది. గట్లనే."

బాలలక్ష్మికి ఇది చటుక్కున అర్థమైంది. "అంటే రక్తం చిక్కబడితే..."

"చప్పుడు పోతది. గుండె మంచిదే అయితే. కానీ రక్తం ఎందుకు పలచబడ్డదో తెల్వాలె. అది ఆపకుంటే నేనేం మందిచ్చినా దండగ." ఆయన బొచ్చు విడదీసి చూశాడు. రక్తం తాగే గోమార్లు లేవు. దెబ్బ లేదు. "ఏం తింటది?"

"పాలన్నం. ఎలుకలు. గంజి."

"గంజి మంచిదే. ఇంకా?"

"ఇంకేం లేదు," అంది శంకరవ్వ గబుక్కున.

డాక్టరు గొట్టం మెడలోంచి తీశాడు. "అట్లయితే నాకేం తోస్తలేదమ్మా. బోథ్‌ల ఒక బర్రెకు గిదే తీరుగ అయింది. ఒక్కరోజుల చిగుళ్లు తెల్లబడ్డయి, ఉచ్చ చాయ్ రంగుకొచ్చింది. ఏందా అని నేను పరేషాన్. చూస్తే, రాత్రి తాడు తెంపుకొని ఉల్లిగడ్డ కుప్ప మీద పడి కడుపునిండ తిన్నదట. ఉల్లిగడ్డ రక్తాన్ని లోపల్నే ఇరగ్గొడతది. మనకేం గాదు. పశువులకు ఇషమే. మీ పిల్లి ఉల్లిగడ్డలు తినదు గద!"

ఆయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

బాలలక్ష్మి కళ్ల ముందు గంజి కాచే పొద్దు మెదిలింది. కిటికీలు మూసిన గది. రోట్లో దంచిన ఉల్లిగడ్డలు. వాటి రసం గుడ్డలో పిండి, నువ్వుల నూనెతో కలిపి గంజిలో పోస్తారు. చీరకు మెరుపు తెచ్చేది అదే. కుండ అడుగున మిగిలిన నూనె గంజిని గోకి ఎవరు పెడతారు బంగారికి? అత్తే. "రాత్రంత కావలుండే జీవి" అని మూకుడులో వేసి పెడుతుంది. నల్లపిల్లికీ పెట్టింది. బూడిదరంగుదానికీ పెట్టింది.

ఆమె అత్త వైపు చూసింది. ముసలామె ముఖం పాలిపోయి ఉంది. ఆమెకూ అర్థమైంది. అయినా తల మెల్లగా అడ్డంగా ఊపింది. వద్దు. వాడు ఎదురింటివాడు.

చెప్పకపోతే పిల్లితో బండి కదులుతుంది. చెప్తే, ఈ ఇంటి మెరుపు రేపటికల్లా రాయమల్లు మగ్గం మీద ఉంటుంది. కొంగులో బంగారి ఆయాసంగా ఊపిరి పీల్చింది. ఆ చిన్న పక్కటెముకలు ఆమె మణికట్టుకు కొట్టుకున్నాయి.

"సారూ," అంది బాలలక్ష్మి.

"నాడె మీద ఒట్టున్నదే, పోరీ!" శంకరవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉన్నదత్తా. ఆ పాపం నా మీదనే ఉండనీ." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "మా గంజిల ఉల్లిగడ్డ రసం పోస్తం. కుండ అడుగుది దీనికే పెడుతం."

శంకరవ్వ గుంజకు ఆనుకుని కూర్చుండిపోయింది. మూడు తరాల మాట పశువుల దవాఖానలో బయటపడింది.

అంబదాస్ చేతిలోంచి చెంబు జారింది.

"ఏందీ?" అన్నాడు. "మీరు గూడనా?"

అతను బాలలక్ష్మి వైపు రెండడుగులు వేశాడు.

"మా ఇంట్ల గూడ గదే పోస్తరు! మా బాపు నా చేత నాడె పట్టిపిచ్చి ఒట్టేయించిండు. ఆ ముసల్దాని ఇంట్ల తెలిస్తే మన పని కతం అన్నడు." మాట జారాక అతను శంకరవ్వను చూసి నాలుక కరుచుకున్నాడు. "నిన్నే అన్నడు పెద్దవ్వా, తప్పు వట్టకు."

"గా ఉల్లిగడ్డ కూర..." అంది బాలలక్ష్మి నెమ్మదిగా.

"మాది గూడ గంజి వాసన కప్పనీకే! మాకు కడుపులు మండుతున్నయి తినలేక."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంబదాస్, మీ ఇంట్ల పిల్లి ఉన్నదా?"

"మా ఇంట్ల పిల్లి నిల్వది సారూ. ఎన్ని తెచ్చినా రొప్పి రొప్పి పోతయి. మా అవ్వయితే..." అతను ఆగాడు. బాలలక్ష్మి వైపు చూడలేకపోయాడు. "ఎదురింటోళ్లు మందు పెడుతున్నరని ఒకటే తిడుతది."

బాలలక్ష్మి తల వంచుకుంది. తనూ ఇన్నాళ్లు అదే పని చేసింది.

శంకరవ్వ లేచి వచ్చింది. బంగారి ముందు నిలబడి, ముట్టుకుందామా వద్దా అన్నట్టు చెయ్యి చాపి ఆగింది. "నా చేతులతోనే పెట్టిన సారూ. కుండ గోకి గోకి పెట్టిన."

"నీకేం ఎర్క అవ్వా. ఇప్పుడన్న ఆపు. గంజి కుండ దిక్కు పోనియ్యకు, ఒంటి మీద పడితే కడిగెయ్యి, నాకుతది. మేక కార్జం ఉడకబెట్టి పెట్టు. గంతులెయ్యనియ్యకు."

"బతుకుతదా?"

"చెప్పలేను. రక్తం ఊరితే చప్పుడు పోవాలె. పోకుంటే గుండె సంగతి అప్పుడు చూద్దాం. నెల తర్వాత తీసుకరా."

వాళ్లు వాడకు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు ముత్తయ్య బండి ఆగి ఉంది. లక్ష్మీరాజం సంచి పట్టుకుని నిలబడ్డాడు. శంకరవ్వ కొడుకు చేతిలోంచి సంచి గుంజుకుంది.

"ఏందవ్వా, నువ్వే గద..."

"నోరు మూసుకొని పోయి కార్జం తేపో," అంది.

*

నెల తిరిగింది. ఈసారి దవాఖానకు పిల్లిని చంకన పెట్టుకుని వచ్చింది శంకరవ్వ. బాలలక్ష్మి వెనక నడిచింది. దారిలో రెండుసార్లు బంగారి దూకి పారిపోబోయింది. ముసలామె చేతుల నిండా గీరలు.

అంబదాస్ చెప్పకుండానే చెంబు పట్టుకొచ్చాడు. డాక్టరు పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు లేత గులాబీ. గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. చోటు మార్చి మళ్లీ విన్నాడు.

"లేదు," అన్నాడు చివరకు. "చప్పుడు పోయింది. గుండె మంచిగనే కొట్టుకుంటున్నది."

"నేనింట," అంది శంకరవ్వ.

డాక్టరు నవ్వి గొట్టం ఆమె చెవులకు తగిలించాడు. ముసలామె కళ్లు పెద్దవయ్యాయి.

"ఓయమ్మ! ఎంత జోరుగ ఆడుతున్నదిరా. మావోడు గింత జోరుగ మగ్గమాడితే ఎంత మంచిగుండు!"

గొట్టం తీసి ఇచ్చాక ఆమె అంబదాస్ దగ్గరికి జరిగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఒరేయ్, నిజం చెప్పు. మీరు గడ్డలు పచ్చియే దంచుతరా, ఉడకబెట్టినంకనా?"

అంబదాస్ చెంబు కింద పెట్టాడు.

"గది మాత్రం చెప్ప పెద్దవ్వా. ఒట్టున్నది."