కాంకార్డ్ మింగిన ఉంగరం

క్లైవ్ పెళ్లి ఉంగరం ఇరవై ఏళ్లుగా కాంకార్డ్ విమానం పొట్టలో ఉంది. లాకర్లో భద్రంగా ఉందని భార్య మావిస్‌ను నమ్మిస్తూ వచ్చాడు. మొన్న బుధవారం బండారం బయటపడింది. రేపు ఆదివారం చర్చిలో వాళ్లకు యాభై ఏళ్ల పెళ్లి వేడుక. ఉంగరం లేనివాడి పక్కన నిలబడేది లేదని మావిస్ తేల్చేసింది.

క్లైవ్ ఆ విమానంలో ఫ్లైట్ ఇంజినీరు. పనిలోకి దిగేముందు ఉంగరం తీసేయడం అలవాటు. ఆఖరి ప్రయాణంలో దాన్ని టోపీ మడతలో దోపాడు. శబ్దానికి రెండింతల వేగం అందుకుంటే ఒళ్లు కాగి విమానం జానెడు సాగేది; మీటర్ల బల్లకూ గోడకూ నడుమ సందు తెరుచుకునేది. వీడ్కోలుగా టోపీని ఆ సందులో పెట్టడం వాళ్ల ముచ్చట. పెట్టాడు. విమానం దిగి చల్లారింది, సందు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఉంగరం! మళ్లీ ఎగిరితే కదా, మా బ్రిస్టల్ మ్యూజియంలో చతికిలబడింది.

"వేడి చేస్తే సాగదూ?" అన్నాను. దాని రెక్కలు బిగించినవాణ్ణి, ఆమాత్రం చనువుంది.

శనివారం మ్యూజియం తెరవకముందే మా రిటైర్డ్ మూక కాక్‌పిట్‌లో దూరింది. చేతుల్లో జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు, వేడినీళ్ల సంచులు. మావిస్ కెప్టెన్ సీట్లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతోంది.

"నా చెవి కాలుతోందే హిల్డా!" అరిచాను.

"నీ చెవి అడ్డం తియ్యి. గోడ కాలాలి!" అంది నా భార్య.

"తెరుచుకుంది!" క్లైవ్ గంతేసి వేలు దూర్చాడు. "తగిలింది! మావిస్, ఉంగరం తగిలిందే!"

టప్పున ఫ్యూజు పోయింది. చీకటి. మిషన్లన్నీ ఆగిపోయాయి.

"ఒరేయ్... వేలు రావట్లేదు."

పగలబడి నవ్వాం. శాండ్‌విచ్‌లోని వెన్నంతా గీకి రాశాం. ఊహూఁ.

మావిస్ టార్చి వేసింది. "ఏ వేలు?"

"ఉంగరం వేలే."

"ఇంకా తగులుతోందా?"

"ఆఁ, తగులుతోంది."

"అయితే సరే. హిల్డా, పాస్టరుగారికి ఫోన్ చేసి ఇక్కడికే రమ్మను. ఈయన్ని ఎవరూ లాగకండి. మొదటి పెళ్లికి ఆలస్యంగా వచ్చి నా పరువు తీశాడు. ఈసారి పెళ్లికొడుకు ముందే వచ్చి రెడీగా ఉన్నాడు."

"మావిస్, నీకు దణ్ణం పెడతా," అన్నాడు క్లైవ్ గోడకు అతుక్కునే, "ఆయన్ని వచ్చేటప్పుడు ఇంకాస్త వెన్న తెమ్మను!"