మధ్య అర

గుడ్డును ఇటు నుంచి అటు తిప్పి, పెన్సిలు గీత పైకి వచ్చిందని చూసుకున్నాక పక్కదాన్ని అందుకుంది. పొదిగే యంత్రం మధ్య అరలో నలభై కోడిగుడ్లు. పూటపూటా తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అతుక్కుపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి యంత్రాల ముందు వంగి వంగి ఆమె నడుము ఓ పక్కకు ఒరిగింది. అసలు పేరును అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పరిశోధనశాలలో ఆమె గుడ్లక్క.

ఎనిమిదో గుడ్డు దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని మూసిన కనురెప్పకు ఆనించుకుంది. వేడి తెలియాలంటే వేలికన్నా రెప్పే నయం. చురుక్కుమంది. పై అరలోది ఆనించి చూస్తే గోరువెచ్చగానే ఉంది. తలుపు మీది అంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టు ముప్పై ఏడున్నర డిగ్రీలు అంటున్నాయి.

ఇవాళ ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. అయినా నోరు కట్టేసుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మాయ్, మధ్య అర కాలిపోతోంది. ఇది నాలుగోసారి చెప్పడం."

సూక్ష్మదర్శిని మీద వంగిన పరిశోధకురాలు తలెత్తలేదు. గర్భిణులు వాడే ఒక మందు వల్ల పిండం గుండెకు చిల్లు పడుతోందని నిరూపించడానికి ఆ పిల్ల మూడేళ్లుగా కొన్ని గుడ్లలో ఆ మందు పెట్టి చూస్తూ తంటాలు పడుతోంది.

"నిన్ననే మెకానిక్ చూసెళ్లాడక్కా. మీటరు బాగానే ఉందట."

"వేడి కొలిచే మీటరు తీగ పై అరలో ఉందమ్మా! మందు పెట్టని గుడ్లలోని గుండెలకీ చిల్లులు పడుతున్నాయిగా, అవెందుకు పడ్డట్టు?"

"అదే... మీరు సరిగ్గా తిప్పట్లేదేమోనని సార్ అంటున్నారు. వాటిని లెక్కలోంచి తీసేశాం."

గుడ్లక్కకు ఒళ్లు మండిపోయింది. జ్వరమొచ్చినా ఒక్క పూట తప్పని చేతులివి. ఆమె కొడుకు గుండెలో చిల్లుతో పుట్టి పదకొండు నెలలు బతికాడు. కడుపులో ఉండగానే ఏర్పడ్డ లోపమని డాక్టరు తేల్చేశాడు. ఎందుకు ఏర్పడిందో ఆయన చెప్పలేదు. ఆ జవాబు ఎప్పటికైనా ఈ గదిలో బయటపడుతుందనే ఆమె ఇన్నేళ్లూ గుడ్లు తిప్పింది. తీరా ఇప్పుడు వేడి చేసిన చేటును మందు మీదికి నెట్టే తప్పుడు జవాబు పరిశోధన పత్రంగా అచ్చుకు వెళ్లబోతోంది. రేపు ఏ తల్లికో అదే చెబుతారు.

మధ్యాహ్నం పరిశోధనశాల పెద్ద అయిన సార్ అందరి ముందూ పూలగుత్తి ఆమె చేతిలో పెట్టి, ఆమె సేవల గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. అంతలో ఫోన్ మోగింది.

"సార్, ఆ మధ్య అర..."

"అలాగేనమ్మా, అలాగే," అంటూ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. ఏది అలాగేనో ఆయనకే తెలియాలి.

అందరూ ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లాక ఆమె సొరుగు అడుగున వెతికింది. పాత యంత్రం నాటి సామానంతా అక్కడే పడి ఉంది. కావలసింది తీసి, కొంగుతో తుడిచి, పొదిగే యంత్రం తలుపు తెరిచి మళ్లీ మూసింది. చేతులు కడుక్కుని, ఏప్రాన్ కొక్కేనికి తగిలించింది. పూలగుత్తిని బల్ల మీదే మరిచిపోయి వెళ్లిపోయింది.

సాయంత్రం గుడ్లు తిప్పే వేళ ఎవరూ రాకపోయేసరికి, విసుక్కుంటూ పరిశోధకురాలే లేచి, ఇంకా ముప్పై ఏడున్నరే చూపిస్తున్న యంత్రం తలుపు లాగింది.

మధ్య అరలో, ఎనిమిదో గుడ్డుకు ఆనుకుని, ఎర్రదారం కట్టిన పాత గాజు థర్మామీటరు ఉంది. అందులో పాదరసం ముప్పై తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర నిలిచి ఉంది.