మూడడుగులు జరిగిన రాయి

"ఏం మరదలా, ఇవాళ పైన ఎండ ఎలా ఉంది?"

పొద్దున్నే టీ తాగుతూ ఈ ప్రశ్న అడగడం పన్నెండేళ్ళుగా బావగారికి అలవాటు. పైన అంటే మేడ మీద అని కాదు, భూమికి మూడు వందల కిలోమీటర్ల ఎత్తున అని. ఆయన మరదలి ఉద్యోగమంతా అక్కడే మరి. సూర్యుడి తాకిడికి అక్కడి పల్చటి గాలి విద్యుత్తు నింపుకొని ఒక పొరలా నిలబడుతుంది. సూర్యుడికి చిర్రెత్తిన రోజున ఆ పొర అల్లకల్లోలమవుతుంది. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు దాన్ని దాటలేక తడబడతాయి. ఎంత తడబడ్డాయో లెక్కకట్టి, ఆ పొరకు ఏమైందో చెప్పడం ఆమె పని.

"మూడు వందల కిలోమీటర్ల పైన ఏం జరుగుతోందో చెప్తావు గానీ, సాయంత్రం గొడుగు పట్టుకెళ్ళాలో వద్దో మాత్రం చెప్పవు," అనేవాడాయన.

"గొడుగు సంగతి వేరే డిపార్ట్‌మెంటు బావా," అనేది ఆమె. అక్క మాత్రం ఇద్దరి కప్పులూ తీసుకుపోతూ, "మీ ఇద్దరిలో ఒక్కరైనా నేల మీద పని చేస్తున్నారని నా ధైర్యం," అనేది. బావగారు సర్వేయర్. ఇరవై రెండేళ్ళుగా భూములు కొలుస్తున్నాడు. ఆయన పాతించిన రాయిలో వెంట్రుకవాసి తేడా ఉండదని ఆఫీసులో పేరు.

ఆ నెలలో ప్రయోగశాల పైకప్పుకు మరమ్మతులు మొదలయ్యాయి. దాంతో ఆమె ఉపగ్రహ సంకేతాలు అందుకునే తన యాంటెన్నాను తెచ్చి, తానూ ఉంటున్న అక్కావాళ్ళ ఇంటి మేడ మీద ఇనుప గొట్టానికి బిగించింది. తెల్లగా, గుండ్రంగా, పెద్ద పుట్టగొడుగులా ఉండేది అది. సరిగ్గా అప్పుడే సూర్యుడి మీద భారీ పేలుడు జరిగిందనీ, బుధవారం మధ్యాహ్నానికి దాని తాకిడి భూమిని చేరుతుందనీ వార్త వచ్చింది. పదేళ్ళలో అంత పెద్దది రాలేదు. బుధవారం ఆమె భోజనం కూడా మరిచిపోయి, ఆఫీసులో దేశదేశాల నుంచి వస్తున్న సమాచారం చూస్తూ కూర్చుంది. సొంత ఊరి లెక్క ఇంట్లో ఎలాగూ నమోదవుతోందన్న ధీమా.

సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటరు తెరిస్తే, ఉదయం పదకొండు నుంచి ఏమీ లేదు. ఒక్క గీత లేదు, ఒక్క అంకె లేదు. ఒక్క అంగలో రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తింది.

పుట్టగొడుగు మీద కంబళి ఉంది. ఉన్ని కంబళి, ఇంకా తడితడిగా, నాలుగు అంచులూ కిందికి వేలాడేసుకొని నిశ్చింతగా ఆరుతోంది.

"అక్కా!"

అక్క బట్టల క్లిప్పులు పట్టుకొని నింపాదిగా వచ్చింది. "ఎందుకే ఆ అరుపు? ముందు పుట్టగొడుగును శుభ్రంగా తుడిచాకే ఆరేశాను."

"తడి కంబళిలోంచి సిగ్నల్ రాదక్కా! పదేళ్ళుగా ఎదురుచూస్తున్నానే దీనికోసం!"

"నాకేం తెలుసే? ఎండ మీద పరిశోధన అన్నావు. ఎండ బాగా తగిలే చోటే పెట్టుంటావనుకున్నా."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అక్క ముఖం చిన్నబోవడం చూసి, రెండూ మింగేసి, కంబళి మడతపెట్టడానికి తనే ఒక కొస పట్టుకుంది.

ఇక బావగారు వచ్చాక తన గతేమిటో ఆమెకు తెలుసు. ఈ కంబళి కథ ఆయనకు కనీసం ఆరు నెలలు సరిపోతుంది. తయారుగా కూర్చుంది. ఆయన వచ్చాడు, విన్నాడు, "అయ్యో," అన్నాడు, చేతులు కడుక్కొని భోజనానికి కూర్చున్నాడు. అంతే. మర్నాడు పొద్దున టీ తాగేటప్పుడు పైన ఎండ ఎలా ఉందని కూడా అడగలేదు.

"మీ ఆయనకి ఒంట్లో బాగాలేదా?" అని అక్కను అడిగింది.

"నిన్నట్నుంచీ అంతే. అడిగితే ఏం లేదంటాడు. నువ్వడుగు, నీకైతే చెప్తాడు."

ఆమె వరండాలోకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "బావా, కంబళి మీద ఒక్క జోకైనా వెయ్యకపోతే నాకు భయంగా ఉంది. ఏమైంది?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "నిన్న వంతెన దగ్గర కొలిచాను. పొద్దున కొలిచిన రాయినే మధ్యాహ్నం మళ్ళీ కొలిస్తే మూడడుగులు పక్కకి జరిగిందమ్మా. రాయి అక్కడే ఉంది, దాని మీద కాకి కూడా అక్కడే ఉంది. కొలత మాత్రం జరిగింది. నాలుగుసార్లు చూశా, నాలుగు రకాలుగా వచ్చింది. ఇంజనీరు అందరి ముందూ నవ్వి, అజాగ్రత్త అని మెమో ఇచ్చాడు. కొలత మిషన్లు రెండూ రిపేరుకిచ్చాను. వాటిలో తప్పులేకపోతే ఇక తప్పు నాలోనే."

ఆమె సగంలోనే లేచి నిలబడింది. "మధ్యాహ్నం ఎన్నింటికి?"

"రెండు దాటాక మొదలైంది."

"బావా, అది మీ తప్పు కాదు! మీ మిషన్లకి కొలత చెప్పేది ఉపగ్రహాలే. నిన్న మధ్యాహ్నం వాటి సంకేతాలే పైన చెదిరిపోయాయి! ఏటి ఒడ్డున స్టాండు మీద కదలకుండా ఉండి ఆ సంకేతాలన్నీ నమోదు చేసుకునే పెద్ద మిషను, అది రోజంతా నడిచిందా?"

"తొమ్మిది నుంచి అయిదు దాకా. అందులో ఉన్నదంతా చెత్తేనమ్మా. తుడిచెయ్యమని చెప్పి షాపులో ఇచ్చాను."

"తుడిచెయ్యమన్నారా!"

స్కూటరు మీద బావగారు అంత వేగంగా వెళ్ళడం ఆమె చూడటం అదే మొదటిసారి. షాపులో మెకానిక్ పెద్ద మిషను విప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని కూర్చున్నాడు. వీళ్ళిద్దరూ ఒకే గొంతుతో "ఆపండి!" అని అరిచేసరికి చేతిలో స్క్రూడ్రైవరు జారవిడిచాడు.

"లోపల ఏం చెడిపోలేదు సార్," అన్నాడు తేరుకొని. "మెమరీ ఒక్కటి ఖాళీ చేసి ఇచ్చేద్దామని..."

"చేశారా?" అంది ఆమె.

"ఇంకా లేదండీ. టీ తాగి చేద్దామనుకున్నా."

ఆ టీకి ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

బావగారు చెత్త అన్నదంతా ఆమె కంప్యూటరులోకి ఎక్కేసరికి సాయంత్రమైంది. ఆయన పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తెర మీద గీత రెండింటి వరకు బుద్ధిగా నడిచి, ఆ తరవాత పిచ్చెక్కినట్టు ఎగిరింది. తుఫాను ఊరి మీదికి ఏ క్షణాన వచ్చిందో, పొర ఎంత ఉబ్బిందో, ఏ దిక్కున చిరిగిందో, అంతా అందులో ఉంది. మేడ మీద యాంటెన్నా పనిచేసి ఉన్నా ఇంతకంటే మెరుగ్గా దొరికేది కాదు. పైగా బావగారు తన పుస్తకంలో ప్రతి తప్పు కొలతనూ నిమిషాలతో సహా రాసిపెట్టాడు.

"తప్పని తెలిసీ ఇంత శ్రద్ధగా ఎందుకు రాశారు బావా?"

"తప్పయితే మాత్రం? వచ్చింది రాయాలి కదా," అన్నాడు. గీతను వేలితో చూపిస్తూ, "అంటే ఆ రాయి..." అన్నాడు.

"రాయి జరగలేదు. మీరూ జరగలేదు."

ఆయన తల తిప్పుకొని కిటికీలోంచి బయటికి చూశాడు. తరవాత, "ఏమే, విన్నావా?" అని వంటింట్లోకి కేకేశాడు. "మొత్తానికి నా మీద సూర్యుడే పగబట్టాడు!"

"ఇంకెవరూ దొరకలేదా ఆయనకి!" అంది అక్క లోపల్నించి.

ఆమె రెండు పేజీల వివరణ రాసి, గీతతో సహా ఇంజనీరుకు పంపింది. సోమవారం మెమో వెనక్కి తీసుకున్నారు. మంగళవారం ఇంజనీరే ఫోన్ చేసి, శుక్రవారం కొలవచ్చా, సూర్యుడు ఎలా ఉన్నాడు అని వినయంగా అడిగాడు. ఉన్నంతలో శాంతంగానే ఉన్నాడని చెప్పింది.

ఎనిమిది నెలలకు ఆమె వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో బావగారి పేరుతో రెండు వాక్యాలున్నాయి. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకొని ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివి, నుదురు చిట్లించాడు.

"సర్వేయర్ అని వేశావేంటి? సీనియర్ సర్వేయర్ అని కదా ఉండాలి?"

"అచ్చయిపోయింది బావా. ఇక మార్చడం కుదరదు."

"పోనీలే, చిన్నదానివి, క్షమించాను," అంటూ కాగితాలు నలగకుండా అట్టల మధ్య పెట్టుకొని ఆఫీసుకు పట్టుకెళ్ళాడు. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు.

"ఇంజనీరు చదివి ఇస్తానని ఉంచేసుకున్నాడమ్మా. ఇంకో నాలుగు కాపీలు తియ్యి."