ఖాళీ వదలని రంగు

మా ఆయన అవాంగ్‌కి రంగు వేయడం చేతకాదని నేను అనను. బాచొక్ రేవులో చేపల పడవలకి బతుకంతా రంగు వేసిన మనిషి. చెక్క మీద గోరంత చోటు వదిలినా ఉప్పునీళ్లు అక్కణ్నుంచే తినడం మొదలుపెడతాయంటాడు. అన్నం ముందు కూర్చున్నా అదే పాట. ఆ పిచ్చితోనే నా కూతురి ప్రాణం మీదికి తెచ్చాడు.

మా సలీహాకి కొండల అవతల పినాంగ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. దాని పాత కారు చక్రాలు సముద్రపు గాలికి పొక్కులు లేచి, తామర పట్టినట్టు ఉండేవి. పిల్ల వాటితో పెద్ద ఊళ్లోకి పోతే తన పరువు పోతుందని ఈయన స్ప్రే డబ్బాలు కొనుక్కొచ్చి వాకిట్లో బైఠాయించాడు. దుకాణంలో ఇద్దామంటే వినలేదు. చక్రాలు ఊడదీసి, సబ్బుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దాడు. టైర్లకి రంగు అంటకుండా అంచు చుట్టూ పాత శుభలేఖలు దోపాడు. మా ఇంట్లో బియ్యమైనా నిండుకుంటాయేమో గానీ శుభలేఖలకి కరువుండదు, ఊళ్లో ఏ పెళ్లి జరిగినా మా గుమ్మానికి పిలుపు వస్తుంది.

తిండికి పిలిస్తే పలికేవాడు కాదు. డబ్బా గలగలమని ఊపడమే జవాబు. పూత ఆరాక మరో పూత వేశాడు. నట్లు కూర్చునే గుంతల్లోకి కూడా డబ్బా మూతి దూర్చి, అక్కడ కాస్త ఎక్కువే పట్టించాడు. తుప్పు దూరేది అలాంటి సందుల్లోనేనట. బిగించాక చూస్తే చక్రాలు వెండి పళ్లేల్లా మెరిశాయి. నేనూ మురిసిపోయాను, నా మొహం మండ.

తెల్లవారగానే సలీహా వెళ్లిపోయింది. అది వెళ్లాక నా తమ్ముడు హారూన్ వచ్చాడు. వాడికి టైర్ల కొట్టు ఉంది. శంఖుపూలతో వండిన నీలం అన్నం, చేప పెట్టాను. ఈయన తన పనితనం చెప్పుకోవడం మొదలుపెట్టి, నట్ల గుంతలు కూడా వదల్లేదని గొప్పగా అన్నాడు. హారూన్ నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది.

"ఆ గుంతల్లో రంగు గీకేసే బిగించావు కదా బావా?"

గీకడమేంటి, అంత కష్టపడి వేసింది గీకడానికా అని ఈయన నవ్వాడు. వాడు నవ్వలేదు.

"నట్టు ఇనుము మీద కూర్చోవాలి బావా. నువ్వు మధ్యలో పరుపు పరిచావు. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగి ఆ రంగు మెత్తబడుద్ది. నట్లు వదులైపోతాయి."

ఇక చూడాలి మా ఇల్లు. ఈయన ఫోను తీసి కొట్టడమే కొట్టడం. అటు మోగదు. పినాంగ్ దారిలో జెలి దాటితే గెరిక్ దాకా అంతా అడవి, కొండ. అక్కడ ఏనుగులు పలుకుతాయేమో గానీ ఫోను పలకదు. చేతులు కూడా కడుక్కోకుండా హారూన్ వ్యాన్ తీశాడు. నేను చెప్పులు మరిచి ఎక్కాను.

దారి పొడుగునా తిట్టాను. పడవకీ కారుకీ తేడా తెలియని మొద్దు అన్నాను. పిల్లకేమైనా అయితే నిన్ను సముద్రంలో తోస్తానన్నాను. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంటున్నాడు. కొండ ఎక్కేకొద్దీ పొగమంచు కమ్మింది. ప్రతి మలుపులో లోయ వైపు చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. దేవుడా, నా బిడ్డని నాకు చూపించు అని ఏడ్చాను. తిట్లు ఎప్పుడాగిపోయాయో నాకే తెలియదు.

దిగుడులో కనిపించింది కారు. ఒక పక్కకి ఒరిగి, రోడ్డు అంచున ఉన్న ఇనుప కంచెకి ఆనుకుని ఉంది. ముందు చక్రం లేదు. కంచె అవతల లోయ. సలీహా రాయి మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా తడిమాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

"కొండ దిగడం మొదలెట్టినప్పటి నుంచీ స్టీరింగు అదురుతూనే ఉందమ్మా," అంది. "నాన్న చేసిన చక్రాలు కదా, వాటికేమవుద్ది, నాకే నడపడం రావట్లేదనుకున్నా. అందుకే ఆపలేదు."

తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుంది. "కొత్త రంగంతా గీరేశాను నాన్నా. తిట్టకండి."

ఆ మాటకి ఈయన రోడ్డు మీదే కూలబడ్డాడు. అబద్ధం చెప్పి ఉండొచ్చు, నేనూ అడ్డు చెప్పేదాన్ని కాదు. చెప్పలేదు. నట్ల గుంతల్లో తను పట్టించిన రంగు వల్లే చక్రం ఊడిందని, నడపడంలో దాని తప్పేమీ లేదని తలొంచుకుని చెప్పాడు. సలీహా కోప్పడినా బాగుండేది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

హారూన్ దాన్ని వ్యాన్ దగ్గరికి నడిపించాడు. ఎక్కబోతూ తలుపు పట్టుకుని ఆగిపోయింది. వంగి, వ్యాన్ ముందు చక్రం వైపు చూసింది.

"ఈ చక్రాలు ఎవరు బిగించారు మామయ్యా?" అని అడిగింది.

మా ఆయన ఆ మాట విన్నాడు.