తాగని గ్లాసు నీళ్ళు

ఇలా రా తారా, ఆ పీట నా మోకాళ్ళ దగ్గరకి లాక్కో. వీధి తలుపు దగ్గరగా వేసి మరీ రా. ఇప్పుడు భయమేమీ లేదనుకో, నాకది అలవాటైపోయింది.

రంగూన్ వీధుల్లో సైన్యం కాల్పులు జరిపాక మూడో ఏడాది అది. మేము బోటాటౌంగ్‌లో, రేవు గిడ్డంగుల వెనక ఉండేవాళ్ళం. నా తమ్ముడు కూర్మనాథం ఓడల కంపెనీలో గుమాస్తా, ఇంగ్లీషు వచ్చు. ఎవరో ఓడ వంటవాడు వాడికొక వీడియో టేపు ఇచ్చాడు. అమెరికా టీవీలో వచ్చినదట. సినిమా కాదు, పాటలూ లేవు. అయినా మా వీధి ఆడవాళ్ళం వంటలయ్యాక కూర్చుని, వాడు అర్థం చెబుతుంటే నాలుగుసార్లు చూశాం. అలాంటి టేపు దొరికితే జైలే. పోయేది కూర్మనాథం.

అందులో ఏముందంటే, అమెరికాలో ఒక చిన్న ఊరు. నల్లవాళ్ళుండే పేట. ఫ్యాక్టరీ మురుగు కలిసి కొళాయి నీళ్ళు పాడయ్యాయి, పిల్లలు జబ్బుపడ్డారు. మేయరేమో నీళ్ళు భేషుగ్గా ఉన్నాయంటాడు. టీవీ తరఫున ఒకావిడ వచ్చింది. పొట్టి జుట్టు, మగవాళ్ళ కోటు. ఇల్లిల్లూ తిరిగి అడిగింది, పాత కాగితాలు తవ్వి తీసింది, ఆర్నెల్లు ఆ ఊరు వదల్లేదు. చివరికి ఆ పేట నీళ్ళే గ్లాసులో పట్టుకెళ్ళి మేయరు బల్ల మీద పెట్టి, "మంచివే అన్నారుగా, తాగండి" అంది.

"తాగినాడేటి?" అని పక్కింటి వెంకమ్మ ప్రతిసారీ అడిగేది, తెలిసి కూడా.

"ఇన్నిసార్లు సూసినావు కదే! ఈసారికి ఆడికి దాహమేస్తాదేటి?" అనేవాడు కూర్మనాథం.

నవ్వేవాళ్ళం. పెద్దమనిషిని ఎదురుగా నిలబడి అలా అడగొచ్చని మాకు తెలీదమ్మా. మా వీధి కొళాయిలోనూ ఆ నెలంతా పచ్చటి నీళ్ళే. వెంకమ్మ కూతురు రత్నం వాంతులతో మంచం పట్టింది. వార్డు పెద్ద ఊ తాన్ మౌంగ్‌తో చెప్పుకుంటే, "నీళ్ళు బాగానే ఉన్నాయి, మీరే శుభ్రంగా ఉండరు" అన్నాడు.

ఐదోసారి చూస్తున్నాం. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే ఊ తాన్ మౌంగ్ తలుపు తోసుకుని వచ్చాడు, ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకోవడానికి. టీవీ ఆపే వ్యవధి లేదు.

నేనేం చేశానో తెలుసా? ఇంటికొచ్చిన మనిషికి మాట కంటే ముందు మంచినీళ్ళివ్వాలని మా అమ్మ నేర్పింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కాచిన నీళ్ళన్నీ పొద్దున్నే రత్నానికి పంపేశానన్న సంగతి మరిచి, చేతికందిన బిందెలో, అంటే ఆ కొళాయి నీళ్ళలోనే, గ్లాసు ముంచి అతని చేతికిచ్చాను.

"ఓలమ్మో, ఏటి సేసీసినావప్పా!" అని వెంకమ్మ నా చెవిలో గొణిగింది.

టీవీలో ఒక గ్లాసు, ఇతని చేతిలో ఒక గ్లాసు. రెండూ పచ్చగానే ఉన్నాయి.

అతనికి ఇంగ్లీషు రాదు. "ఆవిడ ఏమంటోంది?" అని బర్మా భాషలో కూర్మనాథాన్ని అడిగాడు.

అబద్ధం చెప్పరా నాయనా అని నాలో నేను మొక్కుకుంటున్నాను. వాడు చెప్పలేదు.

"నీళ్ళు మంచివైతే తాగమంటోందండీ."

"తాగాడా?"

"లేదండీ."

ఊ తాన్ మౌంగ్ గ్లాసు వంక చూశాడు. వెంకమ్మ వంక చూశాడు. అది తల దించలేదు. అతను గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి, ఆగి, టీవీ మీద పెట్టేశాడు.

"నేను వెళ్ళేసరికి ఆ టేపు ఉండకూడదు."

కేసు రాస్తే టేపులో ఏముందో రాయాలి, గ్లాసు సంగతీ బయటపడుతుంది. అందుకే వదిలేశాడని ఇప్పటికీ నా అనుమానం. కూర్మనాథం తన చేతులతోనే ఆ నల్ల రిబ్బన్ మూరలు మూరలుగా లాగి పొయ్యిలో పెట్టాడు. ఇల్లంతా కమురు కంపు. ఊ తాన్ మౌంగ్ మా పేర్లు రాసుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక వెంకమ్మ ఆ గ్లాసు వైపు చూస్తూ, "తాగినాడేటి?" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొళాయి మారలేదు. రత్నం లేచి తిరగడానికి నెల పట్టింది. కూర్మనాథం మాత్రం ఆ సాయంత్రం మాతోనే అన్నం తిన్నాడు, నాకదే చాలు. టేపు ఉన్నది ఒక్కటే, అదీ బూడిదైంది. ఇక అది నా నోట్లోనే ఉంది తల్లీ, ఈ నోరు ఎన్నాళ్ళుంటుంది? నువ్వు గుర్తుపెట్టుకో, నీ తర్వాతవాళ్ళకి చెప్పు. ఆ కోటావిడ సంగతీ చెప్పు, మా బిందె సంగతీ చెప్పు. తాగాడా అని ఎవరైనా అడిగితే, కూర్మనాథం చెప్పినట్టే, లేదని చెప్పు.