ఏడో నంబరు స్లైడ్

అక్క రిటైరయ్యాక ఆవిడ పాఠాలన్నీ అదే యూనివర్సిటీలో ఉన్న చెల్లెలికి వచ్చాయి. రాళ్లూ ఖనిజాలూ ఒక కోర్సు, గ్రహాలు పుట్టిన తీరు ఇంకోటి. వాటితోపాటు స్లైడ్ల చెక్కపెట్టె కూడా. అందులో ఏడో నంబరుది ఉల్కరాయి ముక్క. వెంట్రుక కన్నా పల్చగా అరగదీసి, రెండు గాజుపలకల మధ్య జిగురుతో అంటించారు. పెట్టె అట్టడుగున దూదిలో చుట్టి ఉంటే, ఇంత మంచి రాయిని దాచడమెందుకని చెల్లెలే బయటికి తీసింది.

సోమవారం ఒక బ్యాచ్, గురువారం ఇంకో బ్యాచ్ మైక్రోస్కోపులో చూసి దాని బొమ్మ గీశాయి. శుక్రవారం చెల్లెలు దిద్దడానికి కూర్చుంది. రాయికి నడిమధ్య నిలువునా ఒక పగులుంది. సోమవారం వాళ్లంతా పగులుకు ఎడమవైపు, అంచున, ఒక గుండ్రటి ఖనిజపు గింజ గీశారు. గురువారం వాళ్లంతా దాన్నే కుడివైపు గీశారు. తను మొదట చూసినప్పుడు గింజ ఎడమవైపే ఉంది కాబట్టి, ఒకరిది చూసి ఒకరు దించేశారనుకుని గురువారం బ్యాచ్ మొత్తానికి సున్నాలు చుట్టింది.

మధ్యాహ్నానికల్లా ఆ బ్యాచ్‌లోంచి ఒక అమ్మాయి దూసుకొచ్చింది.

"కనబడిందే గీశాను మేడమ్. కావాలంటే మీరే చూడండి."

"రాయిలో గింజ నడిచి వెళ్తుందా తల్లీ?" అని నవ్వుతూనే ఆవిడ మైక్రోస్కోపు మీదికి వంగింది. నవ్వు సగంలో ఆగిపోయింది. గింజ కుడివైపే ఉంది. ఎడమ అంచున సరిగ్గా అంతే గుండ్రంగా ఖాళీ. అందులోంచి దీపం వెలుతురు తిన్నగా కంట్లో పడింది.

అమ్మాయిని పంపించి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, ఆ ఏడో స్లైడ్‌లో గుండ్రటి గింజ ఉంది చూడు..."

అక్క మాట మధ్యలోనే అందుకుంది.

"ఇప్పుడెక్కడుంది?" అనడిగింది.

చెల్లెలు మైక్రోస్కోపు వైపు ఓరగా చూసింది. "పగులు దాటింది."

"నా సర్వీసు మొత్తంలో వెంట్రుకవాసి మాత్రమే జరిగిందే! అదీ ఎక్కువమంది చూసిన సంవత్సరమే. అందుకే దూదిలో చుట్టాను. చెబితే నాకు మతి పోయిందనుకుంటావని..."

"ఎటు పోతోంది?"

"తెలీదు. ఇక చూడకు. ఎవరికీ చూపించకు."

ఫోన్ పెట్టాక కూడా దీపం వెలుగుతూనే ఉంది. ఒక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ ఆవిడ మెడ దానంతటదే వంగబోయింది. చటుక్కున దీపం ఆర్పి, కళ్లు గట్టిగా మూసుకుని, స్లైడును చేత్తో తడుముకుంటూనే దూదిలో చుట్టింది.

గురువారం వాళ్లందరికీ పూర్తి మార్కులు పడ్డాయి. మరుసటి ఏడాది ప్రాక్టికల్ స్లైడ్ల జాబితాలో ఆరు తర్వాత ఎనిమిది ఎందుకొచ్చిందని పిల్లలు అడిగారు.

"అచ్చుతప్పు," అంది మేడమ్.