మైనంలో అక్క గొంతు

ల్యాబులో ఆవిడని అందరూ కోతలమ్మ అంటారు. ఆవిడ కోసే కోతలన్నీ మైనంలోనే గానీ మాటల్లో కాదు లెండి. ఊపిరితిత్తుల్లోంచి తీసిన గడ్డ ముక్కని మైనంలో పోతపోసి బిళ్ళగా పంపిస్తారు. దాన్ని ఉల్లిపొర కంటే పలచగా కోసి పక్కగదికి ఇవ్వడం ఆవిడ పని. అక్కడ జన్యువులో ఏదైనా మార్పు ఉందేమో చూస్తారు. ఉంటే ఆ మార్పునే గురిచూసి కొట్టే మాత్రలు, లేకపోతే వేరే మందు.

కత్తి తగలగానే ముక్కలు మాట్లాడతాయి, ఎవరి ముక్క వాళ్ళ గొంతుతో. రోగం ఊసెత్తవు. ఇంటా బయటా ఆ మనిషి రోజూ ఏమంటారో అవే మాటలు. ఆ పొద్దున ఒక బస్సు డ్రైవరు ముక్క "హారన్ కొట్టకురా బాబూ, దారిస్తున్నాగా" అని ఒకటే విసుక్కుంటోంది.

"సర్లే నాయనా" అని కోతలమ్మ దాన్ని పక్కనపెట్టి, ఇంకో బిళ్ళని కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పింది.

"ఒసేయ్ బుడంకాయ్, తలుపు గడియ పెట్టావా?"

ఆవిడ చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ పేరుతో పిలిచేది లోకంలో అక్క ఒక్కతే. అక్క కూతురి పెళ్ళిలో మాటా మాటా పెరిగి, అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

అక్కకి క్యాన్సరా? పొగవాసన తగిలితే వీధి మారిపోయే అక్కకా? బిళ్ళ మీద పేరు చూసింది. పేరు ఎవరో పరాయి మనిషిది, గొంతు మాత్రం అక్కదే. ట్రే అంతా వెతికితే అక్క పేరు ఇంకో బిళ్ళ మీద కనబడింది. దానికి కత్తి తగిలించింది.

"ఆ చివరి బెంచీ, నోళ్ళు ముయ్యండి" అంది అది.

ఎవరో పంతులమ్మ. అక్కది కుట్టుపని, బడి గడప తొక్కిన మనిషే కాదు.

కోతలమ్మ పరుగున పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. "సార్, బిళ్ళలు తారుమారయ్యాయి. ఇది మా అక్క."

ఆయన మొహం పాలిపోయింది. "గొంతు ఖాయమేనా అమ్మా?"

"నన్ను బుడంకాయ్ అందండి."

"అయితే ఖాయమే. ఇద్దరి రక్తమూ తెప్పించి సరిచూద్దాం."

రక్తంతోనూ అదే తేలింది. మార్పు ఉన్నది అక్క ముక్కలో, పంతులమ్మ ముక్కలో లేదు. ఒకరి మందు ఇంకొకరికి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని డాక్టరుగారికి చెమటలు పట్టాయి. పేర్లు దగ్గరుండి సరిచేయించారు.

ఆ సాయంత్రం కోతలమ్మ అక్కకి ఫోన్ చేసింది. అటువైపు చాలాసేపు దగ్గే.

"నీది మాత్రలకి లొంగే రకమేనట. రేపు నేనొస్తున్నా" అంది కోతలమ్మ.

"నీకు చెప్పొద్దని ఇంటిల్లిపాదిచేతా ఒట్టేయించుకున్నానే. ఎవరే నీకు చెప్పింది?"

"నువ్వే."